ఫోనులో తుమ్మే మేడం

శాంతి వాళ్ళ ఇంట్లో సిగ్నల్ ఉండదు. కల్లంలో ఉంటుంది. కల్లమంటే మిరపకాయలు ఆరబోసే చోటు. ఎండాకాలం ముందు వినుకొండ దారిలో ఎటు చూసినా ఎర్రటి కల్లాలే. అందుకని శాంతి బడి నుంచి రాగానే అమ్మ ఫోను పట్టుకొని అక్కడికే పోయేది.

అఖిల టీచరు పగలు బడిలో చెప్పిన పాఠానికి సరిపడే వీడియో వెతికి, సాయంత్రానికి గ్రూపులో పెట్టేది. అర్థంకాని చోట ఆపుకోవచ్చు, వెనక్కి తిప్పుకొని మళ్ళీ వినొచ్చు. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోని టీచరన్నమాట.

వీడియోలో పాఠం చెప్పేది నీలం చీర కట్టుకున్న ఒకావిడ. ఏ పట్నంలోనో, ఎప్పుడో తీసిన వీడియో. బడిలో చూస్తే భిన్నాలు చక్కగా చెప్పుకుపోతుంది. కల్లంలో పెడితే మాత్రం తుమ్ముతుంది. రొట్టెను నాలుగు ముక్కలు చేసి, ఒకటి చేతిలోకి తీసుకొని, "దీన్ని పావు అంటా... హాచ్!" ఘాటు మరి. సిగ్నల్ కోసం కల్లంలో చేరిన పిల్లలు "నూరేళ్ళు మేడం!" అని అరుస్తారు. ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకొని మిగతాది చెబుతుంది.

"పాపం, అలవాటు లేని ముక్కు. గాలివాటం చూసి పెట్టండే ఫోను" అని కాయలు ఏరుకుంటూ ముసలి సుబ్బరావమ్మ కసిరేది.

ఒకరోజు కల్లంలో శాంతి ఒక్కతే ఉంది. రెండు చేల అవతల వాళ్ళమ్మ జయకుమారి కాయలు కోస్తోంది. తండ్రి ఇమ్మానుయేలు పిచ్చయ్య గారి తోటకి పురుగుమందు కొట్టి, ఆ చేలోని బోరు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. పక్కన ఖాళీ డబ్బా పడి ఉంది.

"మిగిలిన మందేదయ్యా?" అంది జయకుమారి.

"డబ్బా కారతా ఉంటే కూల్‌డ్రింకు సీసాలో పోశాలే. పారబోస్తే పిచ్చయ్య గారు ఊరుకుంటాడా ఏంది?"

"సీసా ఎక్కడ పెట్టావు?"

"కల్లంలో. మంచినీళ్ళ కుండ పక్కన, నీడగా ఉందని..."

చెబుతుండగానే అతను చటుక్కున కల్లం వైపు తిరిగాడు.

"పిల్ల అక్కడే ఉంది కదయ్యా!"

కిందటేడు బుల్లయ్య ఇలాంటి సీసాలోదే ఒక్క గుక్క మింగాడు. ఆసుపత్రికి తీసుకుపోయినవాళ్ళు అతన్ని తెల్లగుడ్డ కప్పి తెచ్చారు. జయకుమారికి ఆ గుడ్డే కళ్ళముందు ఆడింది. చెప్పులు వదిలేసి గట్టు మీద పరుగెత్తింది. "శాంతీ! తాగబాకే!" అని కేకవేసింది. ఎదురుగాలి. కేక ఆమె మొహానికే తిరిగి కొట్టింది. పత్తికట్టెలు కాళ్ళు చీరుతున్నాయి. ఘాటుకి పిల్లకి గొంతు ఎండిపోయి ఉంటుంది. కుండలో నీళ్ళు పొద్దున్నే అయిపోయాయి. ఆ సంగతి గుర్తొచ్చేసరికి గట్టు మీద కాలు జారింది. పడింది, లేచింది.

కల్లంలో శాంతి నిలబడి ఉంది. చేతిలో సీసా. మూత తీసి ఉంది.

"తాగావా? ఏమే, తాగావా?"

"లేదమ్మా."

జయకుమారి సీసా లాగి అవతల పెట్టింది. పిల్ల గడ్డం పట్టుకొని, నోరు వాసన చూసింది. పెదాలు తడిమింది. మళ్ళీ వాసన చూసింది.

"నాకేం వాసన రాలేదమ్మా. కాయల్లో కూర్చుంటే ముక్కు మొద్దుబారిద్ది కదా. మూత తీయంగానే మేడం చూడు..."

బస్తాకి ఆనించిన ఫోనులో నీలం చీర ఆవిడ పాఠం ఆపేసింది. ముక్కూ నోరూ కొంగుతో గట్టిగా మూసుకొని, రెండో చెయ్యి వద్దన్నట్టు అడ్డంగా ఊపుతోంది. కళ్ళనిండా నీళ్ళు.

"మిరపకాయలకైతే తుమ్ముద్ది. ఇప్పుడు తుమ్మలా. అంటే ఇది వేరే ఏదో అనుకొని ఆగా."

ఇమ్మానుయేలు రొప్పుతూ వచ్చాడు. కూతురి వంక చూడలేకపోయాడు. సీసాకి మూత బిగించి దూరంగా తీసుకుపోయాడు. అతను చేను దాటేదాకా ఆవిడ కొంగు తీయలేదు.

తరవాత గొంతు సవరించుకొని, "ఎక్కడ ఆగాం?" అంది.

"పావు దగ్గర, మేడం."

ఆవిడ రొట్టెముక్క తీసుకుంది. గాలి మళ్ళింది. హాచ్!

"నూరేళ్ళు, తల్లీ" అంది జయకుమారి. ఆ మాట ఫోను వైపు చూస్తూనే అంది. చెయ్యి మాత్రం శాంతి తలమీద ఉంది.