ఊరంతా గుండెపోటే

మా ఊళ్ళో ఏడేళ్ళలో నలభై మూడు మంది పోయారు. అందులో ముప్ఫై ఒక్కమంది గుండెపోటుతో పోయారని రాసింది నేనే, నా చేత్తోనే. ఆ ముప్ఫై ఒక్కమందిలో పద్నాలుగు మందికి చెడింది గుండె కాదు, కిడ్నీలు. ఆ సంగతి నాకు తెలుసు, ఊరందరికీ తెలుసు. కాగితానికి మాత్రం తెలియనివ్వలేదు మేం.

నా పేరు శాంతి. పేరుకే శాంతి, నోరు విప్పితే ఊరు లేస్తుందని మా అమ్మ అనేది. అవనిగడ్డ దాటి సముద్రం వైపు వెళ్తే వస్తుంది మా ఊరు. అక్కడే పుట్టాను, అక్కడే పద్దెనిమిదేళ్ళుగా ఆశా వర్కర్‌గా చేస్తున్నాను. ఎవరైనా పోతే ఎలా పోయారో ఇంటివాళ్ళనడిగి నాలుగు పేజీల కాగితం నింపాలి. జ్వరం ఎన్నాళ్ళు, కాళ్ళు వాచాయా, మూత్రం ఆగిందా, ఆయాసం వచ్చిందా, ఇలాంటివన్నీ. ఆ కాగితాలు బందరు వెళ్తాయి. అక్కణ్ణించి ఎక్కడెక్కడికో వెళ్ళి, ప్రపంచంలో ఎవరు ఏ రోగంతో పోతున్నారో చెప్పే లెక్కలో కలుస్తాయట.

మనిషి పోయిన మర్నాడే వెళ్ళి ఇవన్నీ అడిగితే బాగోదు కదా. అందుకని దినం భోజనాల రోజు వెళ్ళేదాన్ని. పందిట్లో కూర్చోబెట్టి, విస్తరేసి, "ముందు తినమ్మా" అనేవాళ్ళు. గారెలు వడ్డిస్తున్న ఇంట్లో 'మీ ఆయనకి మూత్రం ఎప్పుడాగింది' అని అడగడానికి, ఇంత నోరున్నదాన్ని, నాకు నోరు రాలేదు. ఇంటి పెద్ద చెయ్యి కడుక్కుంటూ "గుండెపోటని రాసెయ్" అనేవాడు. రాసేసేదాన్ని. మొహమాటానికి పోతే కడుపొచ్చిందని పెద్దవాళ్ళు ఊరికే అన్లేదు.

కిందటేడు మా తమ్ముడు నాంచారయ్యకి కాళ్ళు వాచాయి. వాడికి ముప్ఫై తొమ్మిది. రొయ్యల చెరువుల మీద పని, పెళ్ళాం సాయిదుర్గ, పదేళ్ళ కూతురు లిఖిత. మంగళ, గురు, శనివారాలు బందరులో డయాలసిస్. తెల్లారకముందే ఆటో, ఆ తర్వాత చల్లపల్లి మీదుగా బస్సు, ఇంటికొచ్చేసరికి చీకటి. మర్నాడంతా మంచం మీదే, ఆ మర్నాడు మళ్ళీ బస్సు. "రోగం చంపేలోపు ఈ బస్సే చంపుతుందక్కా" అని నవ్వేవాడు. నాకు నవ్వొచ్చేది కాదు. మాకు దగ్గర్లో నాలుగు మెషిన్లు పెడితే వాడు పదేళ్ళు బతుకుతాడు. నాకు కావలసింది అదొక్కటే.

మార్చిలో డాక్టర్ దీప్తిగారు వచ్చింది. ఆ లెక్కల ప్రాజెక్టులో పనిచేస్తుంది, పామర్రు పిల్లే, ముప్ఫై కూడా నిండలేదు. కిడ్నీ చావులు ఎక్కువున్న ఊళ్ళని ఏరి, అందరికీ పరీక్షలు చేసి, ఆ చుట్టుపక్కల డయాలసిస్ పెట్టమని పైకి రాస్తారట. వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

"మీ ఊరు లిస్టులో లేదండీ శాంతిగారూ" అంది.

"ఎందుకు లేదు?"

"ఏడేళ్ళలో కిడ్నీ సున్నా. చాలావరకు గుండెపోట్లే. రాసింది మీరే కదండీ?"

ఏడుపొచ్చేసింది. దినం భోజనాలు, గుండెపోట్లు, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆ పిల్ల నన్ను తిట్టలేదు, తిట్టినా బాగుండేది. "మూడిళ్ళవాళ్ళు మళ్ళీ కూర్చుని జరిగింది చెప్పి సంతకం పెడితే, పాతవి సరిచేసి మీ ఊరిని చేరుస్తాను. పదిహేను రోజుల్లో లిస్టు పైకి వెళ్ళిపోతుందండీ" అంది.

పద్నాలుగిళ్ళలో మూడు దొరకవా అనుకున్నాను.

ముందు చలపతిరావు మావయ్య దగ్గరికి వెళ్ళాను. ఊళ్ళో పెద్దమనిషి, చెరువులు లీజుకిస్తాడు. వాళ్ళన్నయ్య ఏడాదిన్నర డయాలసిస్ మీదుండి పోయాడు.

"నీకేమన్నా మతి పోయిందే శాంతీ? కిడ్నీల ఊరని పేపర్లో పడితే మన చెరువులు ఎవడు తీసుకుంటాడు? మన కుర్రాళ్ళకి పిల్లనెవడిస్తాడు?"

"మీ అన్నయ్య ఎలా పోయాడో మీకు తెలీదా మావయ్యా?"

"తెలుసు. ఎలా రాస్తే మాత్రం తిరిగొస్తాడా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆయనే ఉంటే మీ మొహాన ఉమ్మేవాడు" అనేసి వచ్చేశాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నాది కాదుగా, ఆ ఇంటి గుమ్మం మళ్ళీ తొక్కే దారి లేకుండా చేసుకున్నాను.

ప్రభావతి నా ఈడుది, కలిసి చదువుకున్నాం. వాళ్ళాయన మూడేళ్ళ క్రితం పోయాడు. కాఫీ ఇచ్చి, నేను చెప్పిందంతా వింది.

"గుండెపోటంటే ఎవరూ ఏమీ అడగరు శాంతీ. అయ్యో పాపం అని వెళ్ళిపోతారు. కిడ్నీ అంటే ఎన్నాళ్ళు చేయించారు, ఎందుకు మానేశారు, అంటారు. ఆయనే ఇక నావల్ల కాదన్నాడు, నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. సరేనన్నాను. అది నాకూ ఆయనకీ తెలుసు. ఇప్పుడు దాన్ని కాగితం మీద పెట్టమంటావా?"

పెట్టమనలేకపోయాను. కాఫీ తాగి లేచాను.

మిగతా ఇళ్ళ సంగతి చెప్పడానికేముంది! ఒకరు తలుపు తియ్యలేదు, ఒకరు తీసి తిట్టారు. నాగూర్ బీ ఒక్కతే సరేనంది. సాయంత్రానికి ఆవిడ కొడుకు అజీజ్ వచ్చి, "మా అమ్మని వదిలెయ్యండాంటీ, మీకు దణ్ణం పెడతాను" అన్నాడు.

దీప్తిగారికి ఫోన్ చేశాను. "చచ్చినవాళ్ళ గురించి చెప్పేవాళ్ళు లేరమ్మా. బతికున్నవాణ్ణి చూపిస్తాను, మా తమ్ముణ్ణి. చూసి ఏదో ఒకటి రాయండి."

"తప్పకుండా చూస్తానండీ. కనీసం పరీక్షలకైనా అడుగుతాను. మంగళవారం వస్తాను" అంది.

మంగళవారం వాడు బందరు వెళ్ళే రోజు. వాడు వెళ్ళిపోతే ఆవిడకి ఎవర్ని చూపించను? "ఒక్కసారికి ఏం కాదులేరా, గురువారం వెళ్దువుగాని" అన్నాను. ఒక్కపూట మందు మానొద్దని ఊరందరికీ చెప్పే నోటితోనే అన్నాను ఆ మాట. "వద్దు వదినా, శనివారం నుంచి ఇప్పటికే మూడు రోజులవుతోంది" అంది సాయిదుర్గ. "నాకు తెలీదా?" అని కసిరాను.

మంగళవారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫైలు ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చున్నాడు. రెండు గంటలకి ఫోనొచ్చింది. "సారీ అండీ, గుడివాడలో మీటింగు పడింది. గురువారం వస్తాను."

బుధవారం మధ్యాహ్నం వాడికి ఆయాసం మొదలైంది. ఆటో మాట్లాడి బందరు బయల్దేరాం, వాడి తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. మోపిదేవి దాటాక "గాలాడట్లేదక్కా, కిటికీ తియ్యవే" అన్నాడు. ఆటోకి కిటికీ ఎక్కడిది? "తీశాన్రా నాన్నా" అన్నాను. చల్లపల్లి ఇంకా రాకముందే పోయాడు.

గురువారం వస్తానన్న దీప్తిగారు పదకొండో రోజుకి, పందిట్లో భోజనాలవుతుండగా వచ్చింది. పందిరి చూసి, "ఇంకో రోజు వస్తానండీ" అని వెనక్కి తిరగబోయింది. నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. "ఇవాళే అడగండి, ఇక్కడే అడగండి."

పెద్దరికంగా చలపతిరావు మావయ్య అందుకున్నాడు. "గుండెపోటమ్మా, రాసుకో."

"కాదు" అన్నాను, పందిరంతా వినపడేలా. కాళ్ళు ఎప్పుడు వాచాయో, మూత్రం ఎప్పుడాగిందో, ఎన్నిసార్లు బందరు వెళ్ళాడో, అన్నీ చెప్పాను. "చివరి మంగళవారం వెళ్ళలేదు. నేనే ఆపాను. మీకు చూపించాలని ఆపాను. అదీ రాయండి" అన్నాను.

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని రాసింది. నేను పంక్తి వైపు చూశాను. పద్నాలుగిళ్ళవాళ్ళూ అక్కడే ఉన్నారు. ఇప్పుడైనా ఎవరో ఒకరు లేచి మాదీ అంతేనంటారని చూశాను. విస్తట్లోంచి తలెత్తినవాళ్ళు లేరు. ప్రభావతి గ్లాసు ఎత్తి మంచినీళ్ళు తాగింది.

"మొత్తం ఎన్నండీ?" అని అడిగాను.

"ఒకటండీ."

"ఒకటుంటే?"

"ఒకటి ఏ ఊళ్ళోనైనా ఉంటుందండీ. అది లెక్కలోకి రాదు. లిస్టు కూడా మొన్ననే వెళ్ళిపోయింది" అంది నేల చూస్తూ.

అందరూ వెళ్ళిపోయాక సాయిదుర్గ గుమ్మంలోకి వచ్చింది. ఏడవడం లేదు. "ఆ మంగళవారం సంగతి పదకొండు రోజులుగా ఎవరికీ చెప్పలేదు వదినా. మా పుట్టింటివాళ్ళు గుచ్చి గుచ్చి అడిగినా చెప్పలేదు, నీకోసమే. లిఖితకి తెలియకూడదనుకున్నాను. నువ్వు పందిట్లో నిలబడి అరిచావు. అది గారెలు అందిస్తూ అక్కడే ఉంది, అంతా వింది."

లిఖిత మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. దగ్గరికెళ్ళి తల మీద చెయ్యి వేశాను. నా చెయ్యి తీసేసింది. ఇప్పటికి ఐదు నెలలైంది, అది నన్ను అత్తా అని పిలవలేదు.