కప్పల మేడం ఈల

కప్పల మేడం అంటే యూనివర్సిటీలో తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు జీతం కాగితాల్లో తప్ప ఎక్కడా వాడుకలో లేదు. ఏ చెరువులో ఎంత చేప పట్టొచ్చు, ఏ అడవిలో ఎంత కలప కొట్టొచ్చు, కొట్టాక ఎన్నాళ్ళు దాని జోలికి పోకూడదు అని ఊళ్ళవాళ్ళతో, ఆఫీసర్లతో కూర్చుని తేల్చడంలోనే ఆవిడ ఉద్యోగమంతా గడిచింది. అది పని. కప్పలు మాత్రం ప్రాణం.

రిటైరయ్యే ఏడు ఆవిడకి మిగిలిన పేచీ ఒక్కటే, సైన్సు భవనం వెనక కుంట. దాన్ని పూడ్చి కార్లు పెట్టుకునే చోటు చెయ్యాలని రిజిస్ట్రారు పట్టుబట్టి కూర్చున్నాడు. ఆపగలిగేది ఈలకప్ప ఒక్కటే. బొటనవేలి గోరంత ఉంటుంది. సన్నగా రెండు ఈలలు వేసి, ఊపిరి పీల్చుకున్నట్టు ఆగి, మూడోది వేస్తుంది. ఈ చుట్టుపక్కల కనిపించడం మానేసి చాలా ఏళ్ళయింది. అది కుంటలో ఉందని తేలితే చట్టప్రకారం ఎవరూ పార పట్టుకోవడానికి లేదు.

అందుకని మేడం గట్టునున్న చెట్టుకి రికార్డరు కట్టింది. రాత్రీ పగలూ అది పట్టిన శబ్దాలన్నీ కంప్యూటరు జల్లెడపట్టింది. కప్ప కూతే అని కంప్యూటరు గుర్తుపెట్టిన ముక్కల్ని శిష్యురాలు కత్తిరించి, "మేడం, దొరికేసింది" అని పంపింది. కుంట సంగతి తేల్చే కమిటీ మీటింగు మర్నాడే. మేడం కాళ్ళు నేల మీద ఆనలేదు.

సాయంత్రం ఇంట్లో మొగుడు వంటింట్లోంచి కేకేశాడు. "వాషింగ్ మెషీను ఇందాకట్నుంచి కీచుకీచుమంటోంది, వినపడలా? చెవి డాక్టరు దగ్గరికి పద అంటే వినవు."

"మీ మాటలు వినపడుతున్నాయిగా, చాలు. ముందిది వినండి" అని ఆవిడ ఫోను ఆయన చెవి దగ్గర పెట్టింది.

ఆయన ఉల్లిపాయ తరగడం ఆపి విన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు.

"ఇది కప్ప కాదు. నువ్వు."

"నేనేంటి?"

"చివర్న గాలి బుస్సుమంటోంది చూడు. ముందుపన్ను విరిగిన దగ్గర్నుంచీ నీ ఈల అట్లాగే వస్తోంది."

మేడం ఫోను వెనక్కి తీసుకుంది. అలా ఈల వెయ్యడం కప్పల పరిశోధకులకి ఒక అలవాటు. దాక్కున్న కప్పతో కూయించాలంటే ముందు తాము కూయాలి, ఉంటే అది బదులిస్తుంది. మేడం రోజూ సాయంత్రం ఇంటికెళుతూ కుంట దగ్గర ఆగి ఈల వేసి, బదులు లేదనుకుని వెళ్ళిపోయేది. పైన తానే కట్టిన రికార్డరు ఉందన్న సంగతే మర్చిపోయింది.

"కంప్యూటరు కూడా నన్ను కప్పే అనేసింది" అని నవ్వింది కానీ, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"రేపు చెప్తావా?" అన్నాడాయన.

"చెప్పకేం చేస్తాను? నా మాట నమ్మి ఊళ్ళకి ఊళ్ళు వలలు ఇంట్లో పెట్టుకున్నాయి. ఇప్పుడు నా ఈలని కప్ప పేరు మీద అమ్మనా?"

మర్నాడు మీటింగులో అందరూ కూర్చోగానే లేచి, "పప్పులో కాలేశాను. ఆ ఈల నాది" అంది. ఎవరికీ అనుమానం మిగలకూడదని కత్తిరించిన ముక్క కాకుండా పూర్తి రికార్డింగు పెట్టింది. ఎండుటాకుల చప్పుడు, ఆవిడ దగ్గు, ఆ తర్వాత ఈల. గది గదంతా పగలబడి నవ్వింది. రిజిస్ట్రారు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. మేడంకీ నవ్వొచ్చింది. ఓడిపోయాననే అనుకుంది, అయినా మనసు తేలిగ్గానే ఉంది. ఫోను ఆపబోయింది.

రిజిస్ట్రారు చెయ్యెత్తాడు. "ఉండండి మేడం. మీ తర్వాత వేసిందెవరు?"

"తర్వాతేముంది?"

"మీరు వేసి ఆగారు. దూరంగా ఇంకెవరో వేశారు. అదుగో, మళ్ళీ."

ఆవిడకి గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. బల్ల చుట్టూ చూసింది. అందరికీ వినపడుతోంది. శిష్యురాలి మొహం పాలిపోయింది. దగ్గరగా, గట్టిగా ఉన్నదాన్నే కంప్యూటరు గుర్తుపెట్టింది. శిష్యురాలు అంతవరకే కత్తిరించింది, ఆపైన వినలేదు.

అప్పుడు అర్థమైంది మేడంకి. ఆ కప్ప రోజూ బదులు పలుకుతూనే ఉంది. సన్నటి శబ్దాలు తన చెవిని విడిచి ఎప్పుడు పోయాయో తనకే తెలియలేదు. దాని ఈల ఇక ఎప్పటికీ వినలేనని బాధ వేసింది, గట్టిగానే వేసింది. దాని వెనకే, అది ఉందన్న సంతోషం వచ్చి బాధని పక్కకి తోసేసింది.

"ఎలా ఉంది? ఒకసారి వేసి చూపించండి" అంది రిజిస్ట్రారుతో.

ఆయన అటూ ఇటూ చూశాడు. విన్నానని తన నోటితోనే అన్నాక ఇక తప్పించుకోవడానికి దారి లేదు. టై సర్దుకుని, పెదాలు సున్నాలా చుట్టి, కుంట పూడుస్తానన్న ఆ పెద్దమనిషి నిండు సభలో రెండు ఈలలు వేసి, ఆగి, మూడోది వేశాడు.

"అదే" అంది మేడం, కళ్ళు మూసుకుని. "ఇంకొక్కసారి వేయండి."

ఆయన మళ్ళీ వేశాడు.