పెద్ద కవరు, చిన్న కవరు

తెలంగాణ అంచున ఉన్న మహారాష్ట్ర జిల్లా నాందేడ్‌లో ఎన్నికలు ఎప్పుడొచ్చినా తహసీల్ ఆఫీసు వాళ్ళకు ముందుగా గుర్తొచ్చే పేరు హన్మంతు గురూజీది. పద్దెనిమిదేళ్ళ పంతులుగిరీలో ఆయన చేయని ఎన్నికల డ్యూటీ లేదు. గ్రామపంచాయతీ నుంచి లోక్‌సభ దాకా అన్నీ నడిపాడు. ఆయన పోలింగు బూతు నుంచి వెళ్ళిన ఓటింగు యంత్రానికి సీలు వంకరగా పడిందని గానీ, ఫారంలో ఒక అంకె తప్పిందని గానీ ఇంతవరకు ఎవరూ అనలేదు. ఎన్ని వేల వేళ్ళకు దగ్గరుండి సిరా పూయించాడో లెక్కే లేదు. తన వేలికి మాత్రం ఆ సిరా ఒక్కసారీ అంటలేదు.

డ్యూటీలో ఉన్నవాడు తన బూతుకు వెళ్ళి ఓటెయ్యడం కుదరదు. అలాంటివాళ్ళ కోసం పోస్టల్ ఓటు ఉంది. ముందుగా ఒక దరఖాస్తు పెట్టుకుంటే చాలు. ఆ దరఖాస్తు ఆయన ఎన్నడూ పెట్టలేదు. బద్ధకం అందామంటే, పోలింగు సాయంత్రం అన్ని ఫారాలూ ఒంటిచేత్తో నింపే మనిషికి బద్ధకమేమిటి? విసుగు. ఎవడొచ్చినా మనకు ఒరిగేదేమీ లేదని ఆయన గట్టి నమ్మకం. భార్య జనాబాయి అట్లా కాదు. పొద్దున్నే వంట ముగించుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, లైనులో మొదటి పదిమందిలో నిలబడేది. సాయంత్రం ఆయన డ్యూటీ నుంచి రాగానే నల్లబడ్డ గోరు ముందుకు చాపి, "నాదిగో. మీదేది?" అని ఆటపట్టించేది.

విసుగుకు కారణం లేకపోలేదు. ముప్పై ఎనిమిదో ఏడు దాకా హన్మంతు జీతం సరిగా రాని ప్రైవేటు బడిలో చదువు చెప్పాడు. 2006లో కుండల్‌వాడి దగ్గరి జిల్లా పరిషత్ బడిలో నౌకరి దొరికింది. హమ్మయ్య అనుకునేలోపే పిడుగులాంటి కబురు చెప్పారు. 2005 నవంబరు తర్వాత చేరినవాళ్ళకు పాత పెన్షన్ లేదట. నెలనెలా జీతంలో కోసి మార్కెట్లో పెడతారట, రిటైరయ్యాక ఎంతొస్తే అంతేనట. 2023లో రాష్ట్రమంతా పాత పెన్షన్ కోసం సమ్మె చేసినప్పుడు ఆయన కూడా వారం రోజులు ఎండలో కూర్చుని నినాదాలిచ్చాడు. పెద్దలు హామీ ఇచ్చారు, సమ్మె ఆగింది. హన్మంతుకు మిగిలింది బొంగురు గొంతు. అప్పటినుంచి పెన్షన్ మాటెత్తితే చేయి ఊపి అవతలికి పోయేవాడు.

ఆ చేయి ఊపడం మాన్పించినవాడు సంగన్న. ఇద్దరూ ఒకే ఏడు నౌకరిలో చేరి, ఒకే బడిలో పనిచేశారు. వయసులో రెండేళ్ళు పెద్ద కాబట్టి సంగన్న ముందుగా రిటైరయ్యాడు. ఒకరోజు కుండల్‌వాడి బస్టాండు దగ్గర ఏదో కాగితం జిరాక్స్ తీయించుకోవడానికి హన్మంతు దుకాణంలోకి వెళితే, మిషను వెనక సంగన్న నిలబడి ఉన్నాడు. గురూజీగా ఉన్నప్పుడు తొడిగిన తెల్ల చొక్కాయే, జేబు మీద నల్ల పొడి మరక.

"ఏంది సంగన్నా, ఈడున్నవు?"

"ఉండక ఏం జేస్త? పెన్షన్ నెలకు మూడు వేల చిల్లర వస్తది. బీపీ గోలీలకు, కరెంటు బిల్లుకు అయిపోతది. ఈ సేఠ్ మంచోడు, నీడపట్టున చేసే పని ఇచ్చిండు. రెండు దిక్కులా తీయాల్నా?"

హన్మంతు జిరాక్స్ కాగితం తీసుకుని జేబులో చేయి పెట్టాడు. డబ్బులివ్వబోతే సంగన్న తీసుకోలేదు. వచ్చే నెల ఎన్నికల్లో ఓటేస్తావా అని అడిగితే, "నేను ఈ ఊర్ల లేననుకో" అని మిషను మూత దించాడు.

ఆ రాత్రి హన్మంతు అన్నం సరిగా తినలేదు. తనకు మిగిలింది రెండేళ్ళు. ఆ తర్వాత తాను ఏ మిషను వెనక నిలబడాలో అనుకున్నాడు. భయం వేసింది, కోపం అంతకంటే ఎక్కువ వచ్చింది. మర్నాడు టీచర్ల సంఘం కార్యదర్శి కైలాశ్‌కు తానే ఫోను చేశాడు. కైలాశ్ కర్ఖేలి బడిలో టీచరు, నలభై దాటని మనిషి. పాత పెన్షన్ ఇప్పిస్తానని రాసిచ్చిన అభ్యర్థికే మన పోస్టల్ ఓట్లు అని ఊరూరా తిరిగి చెబుతున్నాడు. వింటున్నవాళ్ళు తక్కువ. డ్యూటీ ఉంది కాబట్టి ఓటు లేదనుకుని, సగంమంది దరఖాస్తే పెట్టరు.

"నాకు దరఖాస్తు ఫారం కావాలె కైలాశ్," అన్నాడు హన్మంతు.

"మీకా గురూజీ?" అని కైలాశ్ రెండుసార్లు అడిగి, "మీరు ఏస్తున్నరంటే ఇంకో ఇరవైమంది ఏస్తరు," అన్నాడు.

అట్లా యాభై ఆరో ఏట హన్మంతు పోస్టల్ ఓటు వేశాడు. ఆ పద్ధతి కొంచెం చెప్పాలి. బ్యాలెట్ మీద గుర్తు పెట్టి చిన్న కవర్లో వేసి అంటించాలి. ఓటేసింది నేనేనని సంతకం చేసి, అధికారి చేత సంతకం పెట్టించుకున్న డిక్లరేషన్ కాగితం ఒకటి ఉంటుంది. ఆ చిన్న కవరును, ఈ కాగితాన్ని విడివిడిగా పెద్ద కవర్లో పెట్టాలి. పక్కనే గోడకు సూచనలు అంటించి ఉన్నాయి. హన్మంతు వాటి వంక చూడలేదు. సూచనలు పదిమందికి చదివి వినిపించే మనిషి తాను మళ్ళీ చదవడమేమిటి? పైగా బూతులో పద్దెనిమిదేళ్ళ అలవాటు. ఏ యంత్రం కాగితం ఆ యంత్రంతోనే కట్టాలి, విడిగా ఉంటే తప్పిపోతుంది. ఆ జాగ్రత్తతోనే డిక్లరేషన్‌ను నాలుగు మడతలు పెట్టి, బ్యాలెట్‌తో పాటు చిన్న కవర్లో భద్రంగా వేసి, జిగురు అంటించి, వేలితో రెండుసార్లు రుద్దాడు.

ఇంటికెళ్ళగానే జనాబాయి అడిగింది. "ఏసిన్రా?"

"ఏసిన."

జనాబాయి ఆ సంగతి గల్లీ అంతా చెప్పుకుంది.

జూన్‌లో లెక్కింపు. అక్కడా హన్మంతుకు డ్యూటీ పడింది, పోస్టల్ ఓట్ల బల్ల దగ్గర. పని తేలికే. పెద్ద కవరు కత్తిరించాలి, లోపల డిక్లరేషన్ విడిగా ఉందా చూడాలి. ఉంటే ముందుకు. లేకపోతే చిన్న కవరు విప్పకుండానే పక్క ట్రేలో వేయాలి. ఆ ట్రే మీద మరాఠీలో 'బాద్' అని రాసి ఉంది, అంటే చెల్లనివని. బాద్ అయినవి చూసి హన్మంతు నాలుక చప్పరించాడు. చదువుకున్నవాళ్ళు, పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్ళు, రెండు కవర్లు సరిగా పెట్టలేరా అని పక్కాయనతో అన్నాడు కూడా.

గంటన్నర గడిచాక ఒక కవరు చేతికొచ్చింది. దాని మీది సంతకం తనదే. కత్తిరించాడు. లోపల చిన్న కవరు ఒక్కటే ఉంది. పెద్ద కవరును బోర్లించి దులిపాడు. ఏమీ రాలలేదు. చిన్న కవరును వేళ్ళ మధ్య పట్టుకుంటే లోపల నాలుగు మడతల కాగితం గట్టిగా తగిలింది. దాన్ని తానే మడిచాడు. ఆ జిగురును తానే రుద్దాడు.

"ఏమైంది గురూజీ?" బల్ల దగ్గరి అధికారి అడిగాడు.

హన్మంతు కత్తెర కింద పెట్టాడు. "డిక్లరేషన్ లేదు సాహెబ్," అని, తన ఓటును తన చేత్తోనే బాద్ ట్రేలో వేశాడు. ఆ ఒక్క బల్ల మీదే అలాంటివి నలభై మూడు తేలాయి.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. జనాబాయికి అసలే చెప్పలేదు. తప్పు చేసిన పిల్లవాణ్ణి బల్ల ఎక్కించి నిలబెట్టే మనిషి, తాను మాత్రం ఐదు నెలలు ఏమీ ఎరగనట్టు తిరిగాడు.

నవంబరులో మళ్ళీ ఎన్నికలొచ్చాయి. అసెంబ్లీకి, గెలిచిన ఎంపీ చనిపోయి ఖాళీ అయిన లోక్‌సభ సీటుకు కలిపి ఒకే రోజు. ఎన్నికల సిబ్బందికి హన్మంతు శిక్షణ ఇవ్వడానికి ముందురోజు కైలాశ్ ఇంటికొచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. పెన్షన్ మాట రాసిమ్మని అడగడానికి ఒక నాయకుడి దగ్గరికి వెళితే, లోపలికి కూడా పిలవలేదట.

"ఆయన మనిషి బయటికొచ్చి ఏమన్నడో ఎర్కేనా గురూజీ? మీ టీచర్లు సగంమంది ఓటెయ్యరు, ఏసినోళ్ళయి బాద్ అయితయి, మీకోసం మేమెందుకు రాసియ్యాలె అన్నడు." టీ తాగకుండానే గ్లాసు పక్కన పెట్టాడు. "రేపు మైకు మీదే కదా. జెర కవర్ల గురించి చెప్పున్రి. మీ మాట ఇంటరు."

సరేనన్నాడు హన్మంతు. అతను వెళ్ళాక మంచం మీద కూర్చుని చాలాసేపు తన చేతివేళ్ళు చూసుకున్నాడు.

శిక్షణ హాలులో నాలుగు వందలమంది ఉన్నారు. అధికారి మైకు చేతికిస్తూ, పద్దెనిమిదేళ్ళలో ఒక్క తప్పు చేయని గురూజీ అని పరిచయం చేశాడు. హన్మంతు మరాఠీలో యంత్రం గురించి చెప్పాడు, ఫారాల గురించి చెప్పాడు, కవర్ల గురించి కూడా చెప్పాడు. చిన్న కవర్లో ఓటు, పెద్ద కవర్లో డిక్లరేషన్. ఎవరు వింటున్నారు గనక? ముందు వరుసలో ఇద్దరు ఫోన్లు చూసుకుంటున్నారు. వెనక అటుకుల పోహా ప్లేట్ల చప్పుడు. కైలాశ్ ఒక్కడే గోడకానుకుని నిలబడి వింటున్నాడు. ఇట్లాగైతే మళ్ళీ నలభై మూడు ఖాయమని హన్మంతుకు అర్థమైంది. సంగన్న చొక్కా మీది నల్ల మరక గుర్తొచ్చింది. మైకు కిందపెట్టి దిగిపోతే పరువు దక్కుతుంది. దిగలేదు.

"ఒక సంగతి చెప్తాను," అన్నాడు. "సాహెబ్ ఇప్పుడన్న మాట నిజం కాదు. ఎండాకాలంలో నేను నా డిక్లరేషన్‌ను చిన్న కవర్లో పెట్టాను. లెక్కింపులో అది నా చేతికే వచ్చింది. నా ఓటును నేనే బాద్ ట్రేలో వేశాను."

వెనక ప్లేట్ల చప్పుడు ఆగింది. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు, ఆ నవ్వు వరుస వరుసకూ పాకింది. నాలుగు వందలమంది నవ్వుతుంటే హన్మంతు మైకు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఇంత సిగ్గు ఆయన జన్మలో ఎరగడు. నవ్వు తగ్గాక ధర్మాబాద్ నుంచి వచ్చిన సాక్షి అనే కొత్త టీచరు లేచి, తెలుగులోనే అడిగేసింది.

"గురూజీ, మీకే ఎట్ల తప్పింది?"

"నాకు తెల్సు అనుకున్న బిడ్డా. గోడ మీద రాసింది చదువలే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఫోన్లు జేబుల్లోకి వెళ్ళాయి. ఆయన రెండు కవర్లు పైకెత్తి మళ్ళీ మొదటినుంచి చూపించాడు. నాలుగు వందలమంది కళ్ళప్పగించి చూశారు.

ఆ కథ ఆయన కంటే ముందే బస్సెక్కి జిల్లా అంతా తిరిగింది. పోస్టల్ ఓట్లు వేసే రోజున కేంద్రంలో టీచర్లు నమస్కారానికి బదులు "కాగితం ఏడుంది?" అని పలకరించుకున్నారు. "పెద్ద కవర్ల" అని జవాబు. కొందరు ఆ మాట అని హన్మంతు వైపు ఓరగా చూసి నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, నవ్వక చేసేదేముంది? లైను మాత్రం గేటు దాటి రోడ్డు మీదికి సాగింది. అంత పొడుగు లైను కైలాశ్ ఎన్నడూ చూడలేదు. ఫోటో తీసి దాచుకున్నాడు.

లెక్కింపు రోజు హన్మంతు మళ్ళీ అదే బల్ల దగ్గర కూర్చున్నాడు. కత్తిరించినకొద్దీ చిన్న కవరు ఒకటి, డిక్లరేషన్ ఒకటి బయటికొస్తున్నాయి. పది గంటలు దాటాక అధికారి బాద్ ట్రేలోకి తొంగి చూసి, ఇంతేనా అన్నాడు. ఐదున్నాయి. తన సంతకమున్న కవరు పదకొండింటికి వచ్చింది. కత్తిరించి బోర్లిస్తే చిన్న కవరు జారింది, దాని వెనకే కాగితం జారి బల్ల మీద పడింది.

"డిక్లరేషన్ ఉంది సాహెబ్," అన్నాడు. గుక్కెడు నీళ్ళు తాగి తర్వాతి కవరు అందుకున్నాడు.

సాయంత్రం బయటికి రాగానే కైలాశ్ ఫోను. "గురూజీ, గెలిచినాయన మనుషులు సోమారం రమ్మన్నరు. తమాషా ఏందంటే, ఓడినాయన మనుషులు మంగళారం రమ్మన్నరు. ఇద్దరూ పెన్షన్ ముచ్చటే."

"ఇస్తరంటవా?"

"ఏమో. లోపలికైతే పిలిచిన్రు కదా."

అది చిన్న మాటేమీ కాదని హన్మంతుకు అనిపించింది.

ఇంటికి చేరేసరికి సంగన్న వరండాలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. జనాబాయి పక్కనే ఉంది. సంగన్న ఏమీ అనకుండా ఎడమచేయి చాపాడు. చూపుడువేలి గోరు మీద సిరా ఇంకా చెదరలేదు.

"నువ్వు ఊర్ల లేవంటివి కదా," అన్నాడు హన్మంతు.

"నీ కథ ఇన్నంక నిద్ర పట్టలే. నువ్వు గన్ని కవర్లతోటి తిప్పలు పడవడితివి. బూతుల నాకు కవరు లేదు, జిగురు లేదు, ఒక్క బటనాయె. గది గూడ ఒత్తకుంటె ఎట్లా అని పోయిన."

అంటే జనాబాయికి అంతా తెలిసిపోయిందన్నమాట. హన్మంతు చెప్పులు విప్పుతున్నట్టు తల వంచుకుని అక్కడే నిలబడ్డాడు. ఆమె ఒక్క మాట కూడా దెప్పలేదు. గ్లాసులో చాయ్ వంచి చేతికిస్తూ, నవ్వు ఆపుకుంటూ అడిగింది.

"ఈసారి కాగితం ఏడ పెట్టిన్రు?"

"పెద్ద కవర్ల," అన్నాడు హన్మంతు, పిల్లవాడు పాఠం అప్పజెప్పినట్టు.

"వచ్చేసారికి రిటైరైతరు కదా. కవర్లు లేవు, ఏం లేవు. నాతోటి లైన్ల నిలవడున్రి, మీ వేలు నేను చూస్త," అని ఆమె తన నల్లగోరును ఆయన తెల్లగోరు పక్కన పెట్టి చూసుకుంది.