వదిన చూపుకి ఆకలేసిన ఏడాది

మా వదిన ఎనెయిదా పొగాకు రంగులు విడదీసే మనిషి. చుట్టకి ఆఖరున పైన చుట్టే పల్చటి ఆకు ఉంటుంది చూశారూ, ఒక పెట్టెలో చుట్టలన్నిటికీ అది ఒకే రంగులో ఉండాలి. మామూలు కంటికి అన్నీ గోధుమరంగే. వదిన మాత్రం చుట్టల ఫ్యాక్టరీలో కిటికీ పక్కన కూచుని, ఒళ్ళో ఆకుల కట్ట పెట్టుకుని, తేనెరంగుది ఒక పక్కకి, ఎండిన రక్తం రంగుది ఇంకో పక్కకి, కాఫీ మడ్డి రంగుది మరో పక్కకి వేసేది. పక్క బల్ల నాది. ఆవిడ నోరూ ఆగేది కాదు, చేతులూ ఆగేవి కాదు.

రష్యా ఓడలు రావడం మానేశాక హవానాకి పడమట ఉన్న మా సాన్ హువాన్‌లో పెట్రోలు లేదు, సబ్బు లేదు, మాంసం మాట మరిచిపోయాం. చెరకు పండే నేల కాబట్టి పంచదార మాత్రం దొరికేది. పొద్దున్నే గ్లాసుడు నీళ్ళలో పంచదార కలుపుకు తాగి, సైకిలెక్కి పనికి పోయేవాళ్ళం. ఇంటికొచ్చిన కాస్త అన్నమూ, నల్లచిక్కుళ్ళూ వదిన తన ఇద్దరు కూతుళ్ళకీ, మా అన్న ఎవేలియోకీ పెట్టేసేది. తనకి ఆకలి లేదనేది. ఆకలి చంపుకోడానికి చుట్ట ముట్టించేది.

తొంభై మూడు ఫిబ్రవరిలో ఒకరోజు, మా మేస్త్రీ ఫెర్మీన్ వదిన పక్కన పెట్టిన ఆకులు చేత్తో తిరగేసి నిలబడిపోయాడు.

"ఏంటమ్మా ఎనెయిదా, ధ్యాస ఎవరి మీదుంది? ఎర్రాకు తెచ్చి తేనెరంగులో కలిపావు."

"ముందా కిటికీ అద్దాలు తుడిపించు. చీకట్లో కూచోబెట్టి రంగులు చెప్పమంటే ఎక్కణ్ణించి చెప్పేది?"

అందరం నవ్వాం. ఫెర్మీన్ అద్దాలు తుడిపించాడు. మర్నాడు కూడా ఆకులు కలిసిపోయాయి. మధ్యాహ్నం అందరూ బయటికెళ్ళాక వదిన నా చెయ్యి పట్టుకుంది.

"నార్సిసా, కదలకుండా కూచో." నా వైపే చూస్తోంది, కానీ చూపు నా మీద ఆనడం లేదు. "నీ చెవులు కనిపిస్తున్నాయి. జుట్టు కనిపిస్తోంది. మధ్యలో మొహం లేదు. పొగ ఉంది."

"ఎన్నాళ్ళ నించి?"

"కొత్త సంవత్సరం పండగలప్పటి నించి. అరికాళ్ళు కూడా మండుతున్నాయి. మీ అన్నకి చెప్పకు."

అన్నకి చెప్పలేదు. సైకిలు వెనకాల కూచోబెట్టుకుని నేరుగా మా పేట డాక్టరమ్మ మారిసెల్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ రంగుచుక్కల బొమ్మలున్న అట్టలు ఒక్కొక్కటే చూపించింది. ఆ చుక్కల్లో దాగిన అంకె ఏదని అడిగితే వదిన ఒక్కటీ చెప్పలేకపోయింది. జీవితమంతా రంగులు చెప్పి బతికిన మనిషి, అట్ట ఒళ్ళో పెట్టుకుని తల దించుకుంది.

"ఏం తింటున్నావ్?" అని అడిగింది డాక్టరమ్మ.

"అందరూ తినేదే."

"అబద్ధం డాక్టరమ్మా," అన్నాను. "ఈవిడ బతికేది పంచదార నీళ్ళ మీద. పైన చుట్ట."

"పంచదార బలమే కదా," అంది వదిన.

మారిసెల్ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "బలమే. నువ్వు తాగిన పంచదార నీ ఒంట్లో ప్రతి కణానికీ చేరుతోంది. కణం దాన్ని రెండు ముక్కలు చేస్తుంది. అప్పుడొచ్చే శక్తి చాలా కొంచెం. అసలు శక్తి రావాలంటే ఆ ముక్కలు కణం లోపలే ఉండే ఇంకా చిన్న చిన్న గింజల్లాంటి వాటిలోకి వెళ్ళాలి. నువ్వు పీల్చిన గాలి అక్కడికే పోతుంది. అక్కడ పంచదార మంట లేకుండా, నెమ్మదిగా, మెట్టు మెట్టుగా కాలుతుంది. నువ్వు వదిలే ఊపిరి ఆ కాలగా మిగిలినదే."

వదిన ఒకసారి ఊపిరి వదిలి ఆగింది.

"ముక్కల్ని ఆ గింజల్లో వాడుకోవాలంటే ఒక విటమిన్ కావాలి. అది మాంసంలో ఉంటుంది, చిక్కుళ్ళలో ఉంటుంది, పంచదారలో లేదు. వట్టి పంచదార తాగినకొద్దీ ఉన్న విటమిన్ కూడా ఖర్చయిపోతుంది. పంచదార ముంగిట్లో ఉంది, నీ కణాలు మాత్రం పస్తులుంటున్నాయి."

"మరి కళ్ళకే ఎందుకొచ్చింది?"

"చూపు నడిమి భాగాన్ని మోసే నరాలు వెంట్రుక కన్నా ఎంతో సన్నవి. వాటికి తిండి చాలా కావాలి. అందుకని ముందు అవి సొమ్మసిల్లాయి. నీ చుట్ట పొగ కూడా ఆ గింజల పనికే అడ్డుపడుతుంది. ఇవాళ్టితో మానెయ్." విటమిన్ సూదులకి చీటీ రాస్తూ మళ్ళీ అంది. "హవానాలో పెద్దడాక్టర్లింకా వాదించుకుంటున్నారు. వైరస్ అనేవాళ్ళూ ఉన్నారు. నాకూ పూర్తిగా తెలీదు. ముందు నీ కణాలకి కావలసింది ఇద్దాం."

ఆ రోజు నించే సూదులు మొదలు. చిక్కుళ్ళు వదిన గిన్నెలోకి వచ్చాయి, సంగతి తెలిశాక ఎవేలియో ఎదురుగా కూచుని తినిపించేవాడు. ఆవిడ తిట్టేది. "నేను నీ పెళ్ళాన్నా, పందిపిల్లనా?" "పందిపిల్లయితే మాట వినేది," అనేవాడు అన్న.

మార్చి గడిచింది, ఏమీ మారలేదు. ఫెర్మీన్ వదినకి ఆకుల నడిమి ఈనెలు తీసే పని ఇచ్చాడు, దానికి రంగుతో పనిలేదు. ఆవిడ మాటలు తగ్గిపోయాయి. ఊళ్ళో ఇంకొందరికీ ఇదే జబ్బు మొదలైందని విన్నాం.

ఏప్రిల్లో ఒక ఆదివారం, పెరట్లో ఎండలో చిన్నకూతురు లూర్దెస్‌ని ముందు కూచోబెట్టుకుని తల దువ్వుతోంది. ఉన్నట్టుండి దువ్వెన ఆగిపోయింది.

"నార్సిసా, ఇటు రా. దీని పాపిట్లో పేను నడుస్తోందా, నాకలా అనిపిస్తోందా?"

వంగి చూశాను. నిజంగానే పేను.

"ఉంది వదినా."

"ఆరు కాళ్ళూ కనిపిస్తున్నాయి," అంది. పిల్ల సిగ్గుతో ఏడుపు లంకించుకుంది. వదిన దాని తల గుండెకి అదుముకుని తనూ ఏడ్చింది. ఆ పేనుని చంపడానికి ఆవిడకి చాలాసేపు మనసొప్పలేదు.

మే నెలలో దేశమంతా ఇంటింటికీ విటమిన్ బిళ్ళలు పంచారు. అవి మింగాక అందరికీ ఒంటికి పోస్తే పసుప్పచ్చగా వచ్చేది. "విప్లవం వచ్చిన ఇన్నేళ్ళకి అందరం ఒకే రంగయ్యాం," అన్నాడు ఎవేలియో. వదిన అన్న నెత్తి మీద ఒకటి మొట్టింది. మొట్టిన చెయ్యి గురి తప్పలేదు.

చూపు చాలావరకు వచ్చింది. ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉండే రంగులు మాత్రం మునుపటిలా తేలలేదు, అరికాళ్ళ మంట చలికాలం దాకా ఉంది. అయినా ఆవిడకి మనసులో ఒకటే పట్టుకుంది. మారిసెల్ కనిపించినప్పుడల్లా, "ఆ గింజలు మీరు చూశారా?" అని అడిగేది. చివరికి డాక్టరమ్మ మమ్మల్ని పాలీక్లినిక్‌కి రమ్మంది.

డాక్టరమ్మ వదిన బుగ్గ లోపలి నించి చెక్కముక్కతో మెల్లగా గీకి, గాజుపలక మీద రాసి, ఒక చుక్క రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది.

"ఇవి నీవే. ఇంకా బతికే ఉన్నాయి. మిగతా చోట్ల ఆ రంగు వెలిసిపోతుంది, గింజల్లో నిలుస్తుంది. పంచదార కాల్చే పని జరుగుతుంటేనే నిలుస్తుంది."

వదిన కన్ను ఆనించింది.

"నీలంగా ఉన్నాయి," అంది చివరికి. "ఇసక జల్లినట్టున్నాయి. ఇన్నా?"

"ప్రతి కణంలోనూ. రోజంతా అవి తయారుచేసి ఖర్చుపెట్టే ఇంధనాన్ని ఒకచోట పోగెయ్యగలిగితే ఇంచుమించు నీ బరువంత ఉంటుంది."

"నేను కూచున్నా?"

"నిద్రపోయినా."

నేనూ చూశాను. నీలిచుక్కలు.

తిరుగుదారిలో గుర్రబ్బండి కోసం నిలబడ్డాం. బండి వచ్చి ఆగితే వదిన ఎక్కకుండా గుర్రం దగ్గరికి పోయి మెడ మీద చెయ్యి వేసింది. ఎండలో నడిచొచ్చిన గుర్రం ఆవిర్లు కక్కుతోంది.

"దీనిలోనూ అవేనా?"

"గుర్రమే ఏంటి, అది తినే గడ్డిలోనూ అవేనని మనం బయల్దేరేటప్పుడు అంది కదా డాక్టరమ్మ."

ఆవిడ చెయ్యి తియ్యలేదు. గుర్రం ఊపిరి తీసినప్పుడల్లా ఆ చెయ్యి కూడా లేచి పడుతోంది.

బండివాడు కాసేపు చూశాడు. "అమ్మా, ఎక్కుతారా? గుర్రాన్ని బేరం చేస్తారా?"

"ఆగు నాయనా," అంది వదిన. "దీన్ని కాస్త ఊపిరి తీసుకోనీ."