తలకిందుల నాడా

“ఆంటీ, టైమ్ లేదు. మృదుల కార్‌కి యాక్సిడెంట్ అయింది. ఇషాని హాస్పిటల్‌కి తీసుకురమ్మంది.”

గుమ్మంలో నిలబడ్డ మనిషికి నలభై ఏళ్ళు ఉండవచ్చు. లలిత అతన్ని ఎప్పుడూ చూడలేదు. గొలుసు తీయకుండానే తలుపు సందులోంచి అడిగింది. “నువ్వెవరు బాబూ?”

“గుర్తుపట్టలేదా? శశిని. ఓక్‌హాం విశ్వనాథ్ గారి అబ్బాయిని.”

లలిత చెయ్యి గొలుసు మీదికి వెళ్ళింది. ఇంగ్లండ్‌లో అతి చిన్న జిల్లాల్లో, అంటే కౌంటీల్లో, ఒకటైన రట్లండ్‌లో, ఓక్‌హాం అనే ఊళ్ళో, ఈ దేశం రాకముందు ఆమె భర్తా, విశ్వనాథూ ఒకే ఆసుపత్రిలో డాక్టర్లు. ఇళ్ళు పక్కపక్కనే. శశి ఐదేళ్ళ వరకూ ఆమె చేతి ముద్దలే తిన్నాడు.

“లోపలికి రా నాయనా. మృదులకి దెబ్బలు తగిలాయా?”

“కాలు ఫ్రాక్చర్. కంగారు పడకండి.” అతను బూట్లు బయట విప్పి సోఫా అంచున కూర్చున్నాడు. ఫోన్ బల్ల మీద పెట్టి, మోకాలు ఊపుతూ మెట్ల వైపే చూస్తున్నాడు.

లలిత కూతురికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. గురువారం మధ్యాహ్నం మీటింగుల్లో మృదుల ఎప్పుడూ ఫోన్ ఆపేస్తుంది. కానీ ఇవాళ నిజంగా ఆసుపత్రిలో ఉంటే? కోర్టు ఇషాని మృదులకి అప్పగించినప్పటి నుంచీ పిల్ల తండ్రి నిశాంత్ ఎత్తుకుపోతానని సన్నీవేల్ నుంచి బెదిరిస్తూనే ఉన్నాడు. నన్ను అడగకుండా పిల్లని ఎవరితోనూ పంపొద్దమ్మా అని మృదుల రోజూ చెప్పి వెళ్తుంది.

“అమ్మమ్మా, ఎవరు?” మెట్ల మీద నుంచి ఆరేళ్ళ ఇషా తొంగిచూసింది.

“మీ మమ్మీ ఫ్రెండ్‌ని. కమ్ ఆన్ స్వీటీ, షూస్ వేసుకో,” అంటూ అతను లేచాడు.

“ఒక్క నిమిషం. మీ నాన్న ఎలా ఉన్నాడు? ఓక్‌హాం వెళ్తుంటావా?”

“ఎందుకు వెళ్ళనాంటీ! డెబ్బై నాలుగులో మన రట్లండ్‌ని పక్క కౌంటీలో కలిపేశారు కదా, తొంభై ఏడులో మళ్ళీ తిరిగొచ్చింది. చెరువులో సగం మునిగిన చర్చి అలాగే ఉంది.” అతను నవ్వాడు. “ఇక బయల్దేరదామా?”

లలిత మనసు కుదుటపడాలి. పడలేదు. కౌంటీ కలిపేయడం, తర్వాత చర్చి. ఈ ఉగాదికి తెలుగు సంఘం సావనీర్‌లో ‘మా రట్లండ్ వింతలు’ అని ఆమె రాసిన వ్యాసంలోనూ అదే వరస. విశ్వనాథ్ పేరూ, శశి పేరూ అందులోనే ఉన్నాయి. ఆ సావనీర్ ఎంతమంది ఇళ్ళకి వెళ్ళిందో!

వ్యాసంలో మూడో వింత నాడాలు.

“కోటలో గుర్రపు నాడాలు గుర్తున్నాయా? మీ నాన్న నిన్ను భుజాల మీద ఎక్కించుకుని చూపించేవాడు.”

“మర్చిపోతానా! మొదటిసారి ఆ ఊరొచ్చిన ప్రతి ప్రభువూ ఒక నాడా ఇచ్చుకోవాలి. గోడ నిండా అవే. కొనలు పైకి పెట్టి, గిన్నెల్లాగా. అదృష్టం ఒలికిపోకుండా అన్నమాట.”



ఓక్‌హాం కోటలో నాడాలు తలకిందులుగా, కొనలు కిందికి వేలాడతాయి. కొనలు పైకుంటే వంపులో దయ్యం గూడు పెడుతుందని అక్కడివాళ్ళ నమ్మకం. ఆమె ఇచ్చిన ఫొటోలోనూ అలాగే ఉన్నాయి. అచ్చువేసిన సంఘం కుర్రాడే, పెద్దావిడ పొరపాటున ఫొటో తలకిందులుగా ఇచ్చిందనుకుని దాన్ని ‘సరిచేసి’ వేశాడు. కొనలు పైకున్న ఓక్‌హాం నాడాలు ఆ సావనీర్‌లో తప్ప ఇంకెక్కడా లేవు.

“అవును నాయనా, ఎంత జ్ఞాపకమో నీకు!” లలిత లేచింది. “కూర్చో, దీనికి స్వెటర్ తొడిగి తెస్తాను.”

“స్వెటర్ ఎందుకాంటీ, కార్‌లో హీటర్ ఉంది.”

“జలుబు చేస్తే మీ మృదుల నన్ను బతకనివ్వదు.”

ఇషా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి, అక్కడి నుంచి గరాజ్‌లోకి నడిచింది. పక్క తలుపు తీసి, “పరుగెత్తు,” అంది. వాన తడికి మెత్తబడ్డ గడ్డి మీద ఇద్దరూ చెప్పుల్లేకుండా పరుగెత్తారు. ఎదురింటి శాంతి తలుపు తీయగానే, “పిల్లని ఎత్తుకుపోవడానికి ఎవడో వచ్చాడు,” అంది లలిత. వేలితో తన ఇంటివైపు చూపించింది. శాంతి తలుపు గడియ వేసి పోలీసులకి ఫోన్ చేసింది.

కిటికీలోంచి చూస్తుండగానే అతను బయటికి వచ్చాడు. ఇటూ అటూ చూశాడు. మేజోళ్ళతోనే కార్‌లోకి దూకి వెళ్ళిపోయాడు.

పోలీసులు వచ్చాక లలిత ఇంట్లోకి అడుగుపెట్టింది. గుమ్మం పక్కన అతని బూట్లు అలాగే ఉన్నాయి. బల్ల మీద అతని ఫోన్ మోగుతోంది. తెరమీద పేరు: నిశాంత్.

లలిత దాన్ని ముట్టుకోలేదు. పోలీసు అధికారికి చూపించి, “మాట్లాడండి,” అంది. “పిల్ల బయల్దేరిందా అని అడుగుతాడు.”