పసుపు పట్టె

"మిషన్ దానంతట అదే తిరుగుతదట గద, నువ్వు పోయి ఏం చేస్తవ్ ఆడ? కూసుంటవ్. ఆ కూసునుడేదో ఇంట్ల కూసో. కేసముద్రం నుంచి అక్కోళ్లు వస్తాండ్లు."

టిఫిన్ డబ్బా మూత నొక్కుతుంటే మా ఆయన కృపానందం అన్న మాట ఇది. ఆ డబ్బా ఆయనదే. నాది కట్టుకునే టైము లేదు. ఇంట్లో నేను ఏనాడు కూర్చున్నానో చెప్పమని నిలదీయాలనిపించింది. బస్సు తప్పుతుందని సంచి తగిలించుకుని బయటపడ్డాను.

యూనివర్సిటీ ల్యాబులో ఆ మిషన్ పేరు ఫ్రాక్షన్ కలెక్టర్. ఏటూరునాగారం అడవి నుంచి నేను మోసుకొచ్చిన బెరడు సారం గాజు గొట్టంలో పోస్తే, లోపలి పొడిలో రంగులు పట్టెలు పట్టెలుగా విడిపోయి కింద చుక్కలుగా కారతాయి. ఒక ట్యూబు నిండగానే మిషన్ తిరిగి ఇంకో ట్యూబును కిందికి తేవాలి. మా కరెంటుకు అది మాటిమాటికీ మొరాయిస్తుంది. వేలితో నెట్టకపోతే ట్యూబు పొంగిపోతుంది. పోయిన నెల మా గైడు ఎల్లస్వామి సార్ చాయ్ పెట్టమంటే వెళ్లాను. వచ్చేసరికి ట్యూబు పొంగి, నాకు కావాల్సిన పసుపు రంగంతా బల్ల మీదే. "ఆడోళ్లకు మిషన్లు అప్పజెప్తే గిట్లనే" అన్నాడు, నేను పెట్టిన చాయే తాగుతూ. ఆ కప్పులు కూడా నేనే కడిగాను.

మిగిలిన సారమంతా ఇవాళ్టి గొట్టంలోనే ఉంది. ఇదీ పోతే నా థీసిస్ పోయినట్టే. మధ్యాహ్నానికి పసుపు పట్టె అడుక్కి దిగింది. సరిగ్గా అప్పుడే సార్ వచ్చాడు, వెనక హైదరాబాదు నుంచి ఇద్దరు పెద్దమనుషులు.

"మార్తమ్మా, జర చాయ్ సంగతి చూడు."

కిటికీ దగ్గర నా తోటి స్కాలర్లు సుందర్ రావు, ఇస్సాకు పేపరు పంచుకుని చదువుతున్నారు. వాళ్లకు చేతుల్లేవా? సార్ కళ్లకు వాళ్లు ఆనరా?

"రాను సార్. పట్టె దిగుతాంది."

"మిషన్ తిరుగుతనే ఉన్నది గద!"

పొద్దున ఇంట్లో విన్న మాటే. ఇద్దరూ ఒకే బడిలో చదివారేమో! అంతలో మిషన్ ఆగింది. వేలితో నెట్టాను.

సార్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "థీసిస్ మీద సంతకం నాదే ఉండాలె. యాదుంచుకో."

భయమేసింది. ఎందుకు వేయదు? నాలుగేళ్ల చాకిరీ ఆయన కలం కింద ఉంది. అయినా కళ్లు గొట్టం మీంచి తీయలేదు.

"యాదున్నది సార్. ఈ ట్యూబులు తీస్కొనే మీ దగ్గరికొస్త."

పసుపు చుక్క ట్యూబులో పడింది, దాని వెనక ఇంకోటి. కాసేపటికి నా వెనక గిన్నె చప్పుడైంది, ఎవరో చాయ్ కోసం స్టవ్‌కు పంపు కొడుతున్నారు. ఎవరో నేను తిరిగి చూడలేదు.