పాత బండిలో మావ నంబరు

రైల్వే క్వార్టర్ మంజూరైందని ఆఫీసు గుమాస్తా గిరిబాబు పంపిన మెసేజి చూడగానే, కారులో కూర్చున్న ప్రశాంతి ఒళ్లో ఝాల్‌ముడి మరమరాల పొట్లం సగం ఒలికిపోయింది. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో రెండు గదులు, వెనక జామచెట్టు! పెళ్లయిన నలభై రోజులుగా అత్తగారి వరండాలో పరదా కట్టుకుని కాపురం చేస్తున్న పిల్లకి అది రాజమహలే. ఈ మాట భర్త ఉమాశంకర్ చెవిన ముందు తనే వెయ్యాలి.

మొగుడి పేరు నోటంట రాకూడదని అత్తగారి పట్టు. అందుకే ఫోన్లోనూ అతను ‘మావ’గానే ఉన్నాడు. నెల కిందట కొన్న ఆ పాత కారు స్టీరియోకి రోజూలాగే చెప్పింది: "మావకి ఫోన్ చెయ్."

"మావా! క్వార్టర్ వచ్చేసినాది!"

అవతల ఊపిరి. తరవాత ముసలి గొంతు.

"దాలమ్మా... నిన్న వొస్తానని సెప్పి రాలేదేటే?"

ప్రశాంతి ఉలిక్కిపడింది. "ఎవరండీ? నేను మా ఆయనకి చేసినాను!"

"నూకరాజునమ్మా. అయితే మా బండి కొన్నది నువ్వేనా? నేను డ్యూటీ దిగేసరికి మా ఆడది దాలమ్మ నిమ్‌పురా గేటు కాడికి అందులోనే వొచ్చీది."

స్టీరియో తెర మీద ప్రశాంతి పెట్టుకున్న పేర్లు ఒక్కటీ లేవు. అన్నీ ఎవరో పెట్టుకున్న పాత పేర్లు: పాల దాదా, టైలర్ దీదీ, మావ.

"ఫోన్ అప్‌డేట్ అయ్యాక ఈ బండి స్టీరియోలో మీ పాత నంబర్లు పైకొచ్చినాయి బాబాయ్. దాలమ్మగారికి కూడా చెప్పండి..."

"అది పోయి ఏడాదైంది తల్లీ."

ప్రశాంతి ఝాల్‌ముడి పొట్లం డాష్‌బోర్డు మీద పెట్టేసింది.

"నిన్న అయిదింటికి నీ నంబరు నుంచే ఫోనొచ్చినాది. ‘బయల్దేరినాను మావా, గేటు కాడుండు’ అంది. నా పెళ్లాం గొంతు నాకు తెలీదేటి? నిమ్‌పురా గేటు కాడ దీపాలెట్టేదాకా నిలబడ్డాను."

నిన్న అయిదింటికి కారుకి తాళం వేసి ఉంది. ఫోను ఇంట్లో చార్జింగ్‌లో పడి అప్‌డేట్ అవుతోంది. కాల్స్ జాబితా తెరిచి చూసింది. నిన్న, 5:04, ఇదే నంబరుకి రెండు నిమిషాలు.

స్టీరియో అడిగింది: "పాత పేర్లు తొలగించాలా?"

వేలు ‘అవును’ దగ్గరికి పోయింది.

"తీసెయ్యకమ్మా," అన్నాడు నూకరాజు బతిమాలుతూ. "మల్లీ సేస్తాదేమో."

అప్పుడే పక్క సీటు బెల్టు పెట్టుకోమని కారు టింగు టింగుమంది. ఆ సీట్లో ఎవరూ లేరు. ప్రశాంతి అటు చూడకుండా ‘వద్దు’ నొక్కింది.

"తీయను బాబాయ్. రేపు అయిదింటికి మా ఆయనా నేనూ ఈ బండి వేసుకుని నిమ్‌పురా గేటు కాడికి వస్తాం. అక్కడే ఉండండి, మీరూ ఎక్కుదురుగాని."